అమరచింతలో గాజు పోగు

తెలుగు చదువుకున్నవారికి అమరచింత అనగానే ముందు సంస్థానం గుర్తుకు వస్తుంది. నిజాము ఏలుబడిలో పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల సరసన ఇదీ ఒకటి. పేరు అమరచింతదే గాని, రాజధాని పొరుగున ఉన్న ఆత్మకూరు. అవధానాలు చేస్తూ ఊరూరా తిరిగిన తిరుపతి వేంకట కవులు గద్వాలకు, వనపర్తికి వచ్చినట్లే ఆత్మకూరుకూ వచ్చారు. ఇప్పుడు రాజులు లేరు, పండితులకు వార్షికాలూ లేవు. 2009 ఎన్నికలకు ముందు వరకు అమరచింత పేరిట ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. నియోజకవర్గాలను తిరిగి విభజించినప్పుడు అదీ పోయింది. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడినప్పుడు ఊరు మండల కేంద్రమైంది, 2018లో మున్సిపాలిటీ అయింది. ఇన్ని మార్పుల మధ్య మారనిది ఒక్కటే, మగ్గం చప్పుడు. ఈ ఊరి సాలెల వీధిలో నడిచేవాడికి ఇప్పటికీ ఏదో ఒక ఇంట్లోనుంచి ఆ చప్పుడు వినబడుతూనే ఉంటుంది.

ఆత్మకూరు దాటి అమరచింత వైపు సాగుతుంటే దారికి రెండు పక్కలా నేల రంగులు మారుతుంటాయి. కాసేపు ఎర్రని చెలక, కాసేపు నల్లరేగడి, నడుమ నడుమ ఎవరో తెచ్చి పేర్చినట్లు గుండ్రాళ్ళు. కృష్ణానది ఎంతో దూరం లేదు. జూరాల ఆనకట్ట వచ్చిన తరువాత కాలువ పారినంత మేర వరి పచ్చగా కనబడుతుంది. కాలువ అందని చోట కందీ, ఆముదమూ. ఈసారి నేను చూడబోయింది కోటనూ కాదు, ఆనకట్టనూ కాదు. రోడ్డు పక్కన తవ్వుతున్న ఒక కందకాన్ని. గుంత చూడడానికి బస్సెక్కి వెళ్ళేవాడు కూడా ఉంటాడా అని పాఠకులు నవ్వుకోవచ్చు. కాని ఆ గుంతలో పడుకోబోయేది సామాన్యమైన వస్తువు కాదు.

పైకి అది వట్టి నల్లని ప్లాస్టిక్ తాడు. చీల్చి చూస్తే లోపల రంగురంగుల సన్నని గొట్టాలు, ఆ గొట్టాలలో వదులుగా పడుకున్న గాజు పోగులు. ఒక్కొక్క పోగు మందం మిల్లీమీటరులో 8వ వంతు. అందులోనూ వెలుతురు నడిచే నడిమి దారి మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. మన మాట, మన బొమ్మ, బ్యాంకు లెక్క, పిల్లల పరీక్షా ఫలితం, అన్నీ వెలుతురు మినుకులుగా మారి ఆ సందులోంచి పరుగెడతాయి. వంగిన గాజు పోగుల కట్టలో బొమ్మను నడిపించవచ్చునని 1954లో లోకానికి చాటిన ఇద్దరిలో ఒకరు పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. గాజును బాగా శుద్ధి చేస్తే దాని గుండా వార్తలను దూరాలకు పంపవచ్చునని 1966లో లెక్క కట్టి చెప్పినవాడు చార్లెస్ కావ్. 2009లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీవారు అలాంటి గాజును తీసి చూపించారు. ఈనాటి పోగులో వెలుతురు 15 కిలోమీటర్లు పోయినా సగానికి సగం మిగిలే ఉంటుంది.

ఈ తీగను ఊళ్ళకు చేర్చే దారులు రెండు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ వారు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో టి-ఫైబర్ పేరిట తలపెట్టినప్పుడు నేల దారి ఎంచుకున్నారు: మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకంలోనే ఈ తీగ గొట్టాన్నీ పరిచారు. కేంద్రప్రభుత్వం 2011లో ఆమోదించిన పథకం, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చుకున్నది, అది కూడా పంచాయతీలకు తీగ చేర్చడానికే. వీటికి తోడు ప్రైవేటు కంపెనీల పనులు వేరే. ఎవరి పని అయినా చివరకు ఒక మనిషి గడ్డపార ఎత్తవలసిందే. యంత్రాలు వచ్చినా, ఇరుకు సందుల్లో, బండలు తేలిన చోట, ఇళ్ళ గుమ్మాల ముందర ఇప్పటికీ మనిషే తవ్వాలి.

ఆ మనిషి ఎవరు? పాలమూరువాడు. నాగార్జునసాగరం మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టల కింద, కాలువల వెంట, రోడ్ల పక్కన ఈ సీమ కూలీల తట్టా పారా చప్పుడు ఉన్నది. వానలు మొహం చాటేస్తే గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, పిల్లా జెల్లాతో బయలుదేరడం ఇక్కడి తరాల కథ. "పాలమూరు లేబరు" అనే మాట ఒక జిల్లా పేరు కాదు, ఒక వృత్తి పేరయిపోయింది. ఆనకట్టల కాలం తగ్గాక వాళ్ళ గడ్డపార నగరాల్లో టెలిఫోను తీగల గుంతల వైపు తిరిగింది.

నేను చూసిన కందకం దగ్గర ఒక ముసలి మేస్త్రీ తుమ్మచెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. నేల ఎలాంటిదని అడిగాను.

"నేలకేముంది సారూ, మంచిదే," అన్నాడు. "గడ్డపార ఏస్తే సప్పుడే జెప్తది. బుస్సుమంటే మన్ను, ఠంగుమంటే బండ. రేగడైతే ఇంకో కత. ఎండకు నెర్రెలు వడ్తది, వానకు ఉబ్బుతది. దాంట్ల ఏసిన పైపును ఊకె ఉండనియ్యది."

ఉబ్బే నేల అనే మాట నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. మా పాత విద్యార్థి ఒకడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఇలాంటి తీగల పనులు చూస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు, "మన రేగడి వానకు ఉబ్బుతుంది సార్, అక్కడి నేల చలికి ఉబ్బుతుంది," అన్నాడు. గాజు పోగు అక్కడా ఇక్కడా ఒకటే, నేలలు వేరు. ఆ వేరు ఏమిటో తెలుసుకుంటే మన గుంత సంగతి కూడా బాగా తెలుస్తుంది.

మన చలికాలంలో తెల్లవారుజామున నెగడు వేసుకుంటాము గాని నేల గడ్డకట్టడం ఎరుగము. అక్కడ నెలల తరబడి నేల పైనుంచి కిందికి రాయిలా బిగుసుకుపోతుంది. ఇళ్ళ పునాదులు ఆ లోతు దాటి దిగాలని అక్కడి నిబంధన: రాష్ట్రం దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు. మినియాపోలిస్ నగరంలో మంచినీటి గొట్టాలు ఏడెనిమిది అడుగుల లోతున ఉంటాయి. రోడ్ల మీద పడిన మంచును ఎప్పటికప్పుడు ఊడ్చేస్తారు కనుక వాటి కింద చలి ఇంకా లోతుకు దిగుతుంది. ఊడ్వని పొలంలో ఆ మంచే దుప్పటిలా నేలను కాపాడుతుంది. చలి తెచ్చినదే చలికి అడ్డం!

నీరు గడ్డకడితే నూటికి 9 వంతుల దాకా పెరుగుతుంది. నేల ఉబ్బడానికి ఇదే కారణమని చాలాకాలం అనుకున్నారు. స్టీఫెన్ టేబర్ అనే అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు 1929, 1930 సంవత్సరాలలో ప్రచురించిన పరిశోధనలలో అది చాలదని తేల్చాడు. ఆయన మట్టిలో నీటికి బదులు బెంజీను పోసి గడ్డకట్టించాడు. బెంజీను గడ్డకడితే పెరగదు, కుంచించుకుంటుంది. అయినా మట్టి ఉబ్బింది! అసలు సంగతి ఏమంటే, గడ్డకట్టే పొర దీపం వత్తి నూనె పీల్చినట్లు కింది తడిని పైకి పీల్చుకుంటుంది. ఆ తడి పలకలు పలకలుగా గడ్డకట్టి పై మట్టిని ఎత్తివేస్తుంది. సన్నని ఒండ్రు మట్టిలో ఈ గుణం ఎక్కువ, ఇసుకలో కంకరలో తక్కువ. అందుకే అక్కడి మంచి మేస్త్రీ తీగ చుట్టూ నీరు నిలవని మట్టి వేస్తాడు, కప్పిన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టిస్తాడు.

ఇంకొక శత్రువు గొట్టంలోనే దాక్కుంటుంది. గొట్టం పల్లానికి వంగిన చోట నీరు నిలిస్తే, చలికి అది గడ్డకట్టి లోపలి తీగను నొక్కుతుంది. గాజు విరగనక్కరలేదు; సూక్ష్మంగా వంగితే చాలు, వెలుతురు పక్కకు కారిపోతుంది. పొడుగు తరంగాల వెలుతురు ముందు దెబ్బ తింటుంది. అందువల్ల విచిత్రమైన జబ్బు కనబడుతుంది: రాత్రి చలిలో లైను పోతుంది, మంచు కరిగాక తానే వస్తుంది. బాగుచేసేవాడు వెళ్ళేసరికి రోగి లేచి తిరుగుతుంటాడన్నమాట. వంతెనల మీద ఈ బాధ మరీ ఎక్కువ, అక్కడ గొట్టానికి నేల అనే దుప్పటి ఉండదు కదా. దీనికి మందు గొట్టం మూతులు గట్టిగా మూయడం, నీరు జారిపోయే దారి ఉంచడం, అవసరమైన చోట గడ్డకట్టని జిగురు నింపడం.

మూడవది, బిగువు సమస్య. గాజు చలికి ముడుచుకోవడం బహు స్వల్పం. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంతకు వందల రెట్లు ముడుచుకుంటుంది. తొడుగు ముడుచుకుని పోగు ముడుచుకోకపోతే పోగు లోపల మెలికలు పడుతుంది. ఈ సంగతి నేను అమరచింతలో ఒక నేతగాడికి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. "రెండు పోగులకూ ఒకే తీరు బిగువు పనికిరాదు సార్. ఒకటి గుంజితే రెండోది ముడత పడ్తది," అన్నాడు. తీగ చేసేవారు పన్నిన ఉపాయమూ అదే వరస: గాజును గొట్టంలో బిగించకుండా, గొట్టం పొడవు కంటే రవ్వంత ఎక్కువ పొడవుతో వదులుగా వేస్తారు, ముడుచుకోవడాన్ని అడ్డుకోవడానికి నడుమ ఒక గట్టి కడ్డీ పెడతారు.

పని చేసే తీరూ మారుతుంది. గడ్డకట్టిన నేలను తవ్వాలంటే ముందు కరిగించాలి. వేడి ద్రవం ప్రవహించే గొట్టాలను నేల మీద చుట్టలుగా పరచి, పైన దుప్పట్లు కప్పి కాచుకుంటారు. చలికి తొడుగు బిరుసెక్కుతుంది కనుక తీగ చుట్టిన డ్రమ్ములను ముందుగా వెచ్చని షెడ్డులో ఉంచుతారు. పోగులను అతికే పనివాడు వెచ్చని వ్యానులో కూర్చుని అతుకుతాడు. అలాస్కా వంటి చోట్ల వ్యవహారం తలకిందులు: వేసవిలో అక్కడి నేల బురద, బరువైన యంత్రాలు నడవాలంటే నేల గడ్డకట్టే శీతకాలమే మేలు. గొట్టంలోకి తీగను గాలితో ఊదేటప్పుడు చలిదేశంలో గాలిలోని తడిని తీసివేయాలి, లేకపోతే గొట్టంలో మంచు పలుకులు పేరుతాయి. మన ఎండలలో అదే గాలిని చల్లార్చి పంపాలి, లేకపోతే వేడికి గొట్టం మెత్తబడి తీగ పట్టుకుపోతుంది.

ఇంత విన్న తరువాత ఒక లెక్క నన్ను ఆలోచింపజేసింది. చలిదేశాలలో కూడా ఇలాంటి ప్రతి తీగనూ గడ్డకట్టే లోతు కిందికి దింపరు. మూడు నాలుగు అడుగులలో పడుకున్నవి ఎన్నో. మన దేశంలో టెలికాం శాఖ, దాని తరువాత బి.ఎస్.ఎన్.ఎల్. చాలాకాలంగా పాటించిన నియమం ప్రకారం మామూలు నేలలో కందకం లోతు 165 సెంటీమీటర్లు, అంటే సుమారు ఐదున్నర అడుగులు. బండ పడితే తక్కువ లోతు ఒప్పుకుంటారు, కాని అప్పుడు గట్టి గొట్టమో కాంక్రీటో వేయాలి. మంచు లేని దేశంలో గుంత ఇంకా లోతు! ఎందుకు? వాళ్ళు చలికి భయపడి తవ్వారు, మనము మనుషులకు భయపడి తవ్వాము. రోడ్డు వెడల్పు చేసేవాడు, నల్లా కనెక్షను కోసం తవ్వేవాడు, స్తంభం పాతేవాడు, ప్రహరీ కట్టేవాడు, వీళ్ళందరి పారకూ అందని లోతున గాజును దాచడమే ఆ నియమం ఉద్దేశం.

ముసలి మేస్త్రీకి సెంటీమీటర్లతో పని లేదు. "గుంతల మనిషి నిలవడితే తల కనవడొద్దు. గదే లెక్క," అన్నాడు. ఆయన తలల లెక్కా, ఇంజనీర్ల సెంటీమీటర్ల లెక్కా ఇంచుమించు ఒకటే.

"అన్ని చోట్లా అట్లాగే తవ్వుతారా?" అని అడిగాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, తాను ఎప్పుడో వేరే రాష్ట్రంలో చేసిన పని ఒకటి చెప్పాడు. మూడడుగులకే బండ తగిలింది. బండ కొట్టాలంటే రోజులు పడుతుంది, కూలి గిట్టదు. గట్టి గొట్టమూ రాలేదు, కాంక్రీటూ రాలేదు. "పొద్దుగూకేసరికి కప్పెయ్యమన్నరు. కప్పేసినం. బుక్కుల మాత్రం అయిదున్నర రాసుకున్నరు. మన్ను కప్పినంక ఎవరికెరుక సారూ?"

ఈ కందకాల వ్యవహారంలో అసలు కిటుకు అంతా ఆ మాటలోనే ఉన్నది. చలిదేశంలో కప్పేసిన గుంతను చూడడానికి ఒక ఓవర్సీరు తప్పకుండా వస్తాడు. ఆయన పేరు శీతకాలం. దిమ్మిస కొట్టని మట్టిని ఎత్తి చూపిస్తాడు, గొట్టంలో మిగిలిన నీటిని గడ్డకట్టించి చూపిస్తాడు. ఆయనకు లంచం లేదు, సిఫారసు లేదు. మొదటి సంవత్సరమే నిజం బయటపడుతుంది. మన దగ్గర ఆ ఓవర్సీరు లేడు. రేగడి కొంత ఉబ్బి కొంత చెబుతుంది గాని, చెలకలో మూడడుగుల గుంత ఐదున్నర అడుగుల గుంతలాగే ఏళ్ళ తరబడి పెద్దమనిషిలా ఉంటుంది. ఒకనాడు జె.సి.బి. పండ్లకు తగిలినప్పుడు గాని దాని సంగతి తెలియదు. అప్పటికి బిల్లులు ముట్టి, కాంట్రాక్టరు ఇంకో జిల్లాకు వెళ్ళిపోయి ఉంటాడు.

తెగిన చోటు కనిపెట్టడం కష్టం కాదు. పోగులోకి వెలుతురు మినుకు పంపి, తిరిగి వచ్చే కాంతి వేళను కొలిచి, ఇన్ని వందల మీటర్ల దగ్గర తెగిందని చెప్పే పరికరం ఉన్నది. అక్కడికి మనిషి రావడం, తవ్వడం, పోగు పోగునా అతకడం, ఆలస్యమంతా ఇక్కడే. నేను మాట్లాడిన నేతగాడి ఇంట్లో కూతురు చీరలను ఫోనులో చూపించి బేరం కుదురుస్తుంది. పట్టు వెల ఎంత, ఈ అంచుకు ఎన్ని రోజులు పట్టింది, అన్నీ ఆ అమ్మాయే చెబుతుంది. ఒకసారి రోడ్డు పనిలో తీగ తెగి మూడు రోజులు లైను లేదట. ఏదో పట్నంలో పెళ్ళివారు ఒక పెట్టుబడి చీరల బేరం సగంలో ఉంచి, జవాబు రాలేదని ఇంకొక చోట తీసేసుకున్నారు. ఆ చీరలు నెలల తరబడి ఇంట్లోనే మూలిగాయి. తవ్వినవాడు ఆదా చేసుకున్నది రెండున్నర అడుగుల మట్టి. ఆ ఇంటికి పోయినది ఒక కాలపు పని.

మేస్త్రీ ఇంటిలోనూ ఇదే తీగ మీద ఆధారపడినవారు ఉన్నారు. "నా కొడుకు పుణెల గీ పనే జేస్తుండు. రాత్రిపూట ఫోన్ల మొకం జూపిస్తడు. మనమరాలు తాతా అంటది," అని ఆయన చెప్పినప్పుడు, తన కొడుకు అక్కడ తవ్వుతున్న గుంతా, తాను ఇక్కడ తవ్విస్తున్న గుంతా కలిస్తేనే ఆ ముఖం కనబడుతుందని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ సీమ మనుషులు తవ్వి కట్టిన ఆనకట్టల నీళ్ళు చాలాకాలం ఈ సీమకు అందలేదు. తాము తవ్విన గుంతల్లోని వెలుతురైనా తమ ఇంటి గుమ్మం దాకా తెగకుండా రావాలని వాళ్ళు కోరుకుంటే తప్పేమిటి?

చేయవలసినది పెద్ద శాస్త్రం కాదు. తవ్వేముందు కింద ఏమున్నదో అడిగే అలవాటు కావాలి. అమెరికాలో 2007 నుంచి 811 అనే నంబరుకు ఫోను చేస్తే కింద ఉన్న గొట్టాల, తీగల గుర్తులు పెట్టి వెళతారు. మన దేశంలో కూడా తవ్వేముందు తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రప్రభుత్వం ఒక యాప్ ప్రారంభించింది, ఊళ్ళలో జె.సి.బి. నడిపేవాడి దాకా ఆ కబురు చేరాలి. తీగ పోయే దారిలో గుర్తురాళ్ళు పాతితే సరిపోదు, వాటిని పీకి అరుగులకు వేసుకోకుండా చూసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, కందకాన్ని కొలవనిదే కప్పనివ్వకూడదు. వార్డులో ఇద్దరు పెద్దలు, బడి నుంచి ఒక ఉపాధ్యాయుడు ఒక పూట వచ్చి నిలబడితే చాలు. బండ తగిలిన చోట గట్టి గొట్టం వేశారా అని అడగాలి. ఆ బండ కొట్టినవాడికి బండకు తగిన కూలి ముట్టిందా అని కూడా అడగాలి. అది ముట్టని చోటే మూడడుగులకు మట్టి పడుతుంది.

కొలకర్ర దొరకకపోతే మేస్త్రీ చెప్పిన లెక్క ఉండనే ఉన్నది. ఒక మనిషిని గుంతలో దింపండి. గట్టు మీది నుంచి చూసేవారికి అతని తల కనబడితే, ఇంకా తవ్వవలసి ఉన్నదన్నమాట.